సైగాను ముద్ర, తిరుత్తణి మొక్కు

ఆ రోజుల్లో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయగలిగినవాడు ఇంట్లో ఒకడున్నాడంటే వంశమంతా వాడి మీదే పడేది. పొలం హద్దు తగాదా వచ్చినా, మునసబు మీద ఫిర్యాదు పోవాలన్నా "మనోడు రాస్తాడులే" అని నిబ్బరంగా కూర్చునేవాళ్లు. మా వంశానికి ఆ మనోడిని నేను. ఎస్సెల్సీ గట్టెక్కి (లెక్కల్లో మాత్రం గట్టు పట్టుకుని వేలాడి) తిరువళ్లూరులో ఒక వకీలయ్య దగ్గర గుమాస్తాగా చేరి ఏడాది కాలేదు. నాకప్పుడు ఉన్న ఆస్తులు రెండే. ఒకటి ఇంగ్లీషు, రెండోది కిరాపు. మా నాయనా తాతా అందరూ పిలకలవాళ్లు. నేను మద్రాసు పోయి కిరాపు కొట్టించుకొచ్చాక నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను లెక్కచేయలేదు. చొక్కా జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది. ఎడమ పక్కన పాపిడి, నుదుటి మీద చిన్న అల. ఆ అలను నిలబెట్టడానికి పొద్దున్నే అరగంట పట్టేది.

ఒకరోజు మా అత్త తిరుత్తణి నుంచి పొద్దుటి బండిలో దిగి నేరుగా వకీలయ్య ఇంటికొచ్చింది. అత్త మా నాయనకు అక్క, ఊరు అత్తిమంజేరిపేట. మామ పోయి పదేళ్లయింది. చెరుకూ వేరుశనగా తానే చూసుకుంటూ ఒక్కగానొక్క కూతురికి పెళ్లి చేసి పంపింది. ఆ కూతురు నాకు వదిన. భర్త సైగానులో ఒక పుదుచ్చేరి షావుకారు బట్టల అంగడిలో పనిచేసేవాడు, వదిన అక్కడే కాపురం. అత్త గోనెసంచి దించి, కొంగున ముడేసుకున్న ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది తెలుగులోనే ఉండాది కదత్తా, నువ్వే చదవొచ్చు" అన్నాను.

"చదివినాలే. నాలుగు తూర్లు చదివినా. నువ్వు చదువు."

వదినకు అంతకు ముందు రెండు కాన్పులైనాయి. ఒక్క బిడ్డా నిలవలేదు. ఇప్పుడు ఐదో నెల. ఓడెక్కి ఇంటికి రావడానికి అక్కడి డాక్టరు ఒప్పుకోలేదట. 'ఈ తూరి నా పక్కన నువ్వుండాలమ్మా, నాకు శానా భయంగా ఉండాది' అని రాసి ఆపేసింది. ఆ కింద ఇంకేమో రాసి కొట్టేసింది.

"కాన్పు పుట్టింట్లో జరగాల. బిడ్డ పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే ఆడికి పోవాల. ఏం కాయితాలు కావాల్నో రాయి" అంది అత్త, చెరువు అవతలి ఊరికి బండి కట్టమన్నంత తేలిగ్గా.

సైగాను మన తెల్లదొరలది కాదు, ఫ్రెంచి వాళ్లది. ముందు పాస్‌పోర్టు రావాలి, దాని మీద ఫ్రెంచి వాళ్లు ముద్ర కొట్టాలి. ఇప్పుడు దాన్ని వీసా అని చిన్నపిల్లలు కూడా అంటున్నారు కానీ మాకప్పుడు అది ముద్ర, అంతే. వకీలయ్యను అడిగి ఫారాలు తెప్పించాను. "ఇదెంత పనత్తా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మొదట ఫొటో. అత్తకు యాభై ఏళ్లు దాటినా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు, కొప్పు చుడితే చిన్న గుమ్మడికాయంత ఉండేది. తిరువళ్లూరులో ఉన్న ఒకే ఒక్క ఫొటోలాయన తనను పెద్ద కళాకారుడిగా భావించుకునేవాడు. "ముందానై ఎడుంగమ్మా" అని తల మీది కొంగు తీయించి, అత్తను కొంచెం పక్కకు తిప్పి కూర్చోబెట్టాడు. ఫొటోలో సగం అత్త, సగం కొప్పు వచ్చాయి. నేను చూసి భేష్ అన్నాను.

తర్వాత ఫారం. పుట్టిన తేదీ అడిగితే "కందులు కళ్లంలో ఉండంగా పుట్టినా" అంది. కందులకు సరిపోయే తేదీ ఒకటి నేనే వేశాను. గుర్తించదగిన పుట్టుమచ్చలు అన్న చోట పెద్ద రభస అయింది.

"పరాయి మగోళ్లకు నా మచ్చలు రాసిచ్చేదా? ఏమిరా, నీ సదువు ఇందుకా?"

"రూలత్తా. ఒక్కటైనా రాయాల."

చాలాసేపు ఆలోచించి, "నడినెత్తిన ఒక గాయం మచ్చ ఉండాది. చిన్నప్పుడు పడినా. అది రాసుకో" అంది. రెండోది లేదా అన్నాను. "ఉండాది. నీకెందుకు?" అంది. అదే రాశాను, నడినెత్తిన గాయం మచ్చ అని. తిరుత్తణి తాలూకా ఆఫీసులో గుమాస్తా అది చదివి పకపకా నవ్వాడు. "అంత జుట్టు కింద ఉండేది గుర్తెట్లవుతుందయ్యా? ఏట్లో పూడ్చిన రాయిని హద్దురాయి అన్నట్టుండాది" అన్నాడు. పక్క గుమాస్తాలను పిలిచి మరీ చదివి వినిపించాడు. నా ఇంగ్లీషును మెచ్చుకుంటారనుకుని వెళ్లినవాడిని, తల దువ్వుకుంటూ బయటికొచ్చాను. అత్త మీద చాలా కోపం వచ్చింది.

పాస్‌పోర్టు రావడానికి రెండు నెలలు పైన పట్టింది. అత్తను వెంటబెట్టుకుని మద్రాసులో ఫ్రెంచి వాళ్ల ఆఫీసుకు పోయాను. అక్కడ ఉండిపోయే వాళ్లకంటే ఊరు చూసి వచ్చేవాళ్లకు ముద్ర త్వరగా పడుతుందని ఎవరో చెప్పగా విని, ప్రయాణం ఎందుకన్న చోట 'దేశంలోని వింతలు చూచుటకు' అని ఇంగ్లీషులో దివ్యంగా రాసిపెట్టాను. "ఏమడిగినా ఊరు చూసేదానికి అని చెప్పు" అని రైల్లో పది సార్లు అత్తకు పాఠం చెప్పాను. లోపల ఉన్న పుదుచ్చేరి గుమాస్తా కళ్లజోడు పైకి తోసి "సైగాన్ల ఎన్నమ్మా పార్క పోరీంగ?" అన్నాడు. అంత దూరం పోయి ఏం చూస్తావమ్మా అని.

అత్త నా వైపు ఒకసారి చూసింది. తర్వాత నన్ను పూర్తిగా మరిచిపోయింది.

"నా బిడ్డను చూడాల సామీ. దానికి పుట్టే బిడ్డను చూడాల. వాళ్లను చూసినాక పొద్దు మిగిలితే మీ ఊరు కూడా చూస్తా."

ఆయన నా వింతలకేసి చూసి, అత్తకేసి చూసి, కాగితాలు లోపలికి తీసుకుపోయాడు. గంట తర్వాత మూడు నెలల గడువుతో ముద్ర పడింది. నా ఇంగ్లీషు వల్లే పడిందని నేను ఊరంతా చెప్పుకున్నాను.

షావుకారు కుటుంబం పుదుచ్చేరి నుంచి వచ్చి మద్రాసులో ఓడెక్కుతోంది, అత్త వాళ్లతోపాటు వెళ్లాలి. వదినకు అప్పటికి ఎనిమిదో నెల. ఆ ఓడ తప్పితే ఇంకొకటి నెల తర్వాతే. అప్పుడు పోయి చేసేదేముంది? ప్రయాణానికి ముందురోజు సామాన్లతో తిరుత్తణి చేరాం. స్టేషను సత్రంలో మూటలు పెట్టగానే అత్త "పద, కొండకు" అంది.

"దండం పెట్టుకోనొద్దాం" అన్నాను.

"దండం ఒక్కటే కాదు. ముద్ర పడితే తలనీలాలు ఇస్తానని సామికి మొక్కినా."

"మంచిదే కదత్తా."

"నీయి కూడా."

నా చెయ్యి అల మీదికి పోయింది. "నా జుట్టు నన్నడక్కుండా ఎట్ల మొక్కినావత్తా?"

"నిన్నడిగితే ఇస్తావా?"

దీనికి వకీలయ్య కూడా జవాబు చెప్పలేడు. ఊరికి పోయొచ్చాక ఇద్దరం కలిసి చెల్లిద్దామని బతిమాలాను. "సామికి మాటిచ్చి, చెల్లించకుండా సముద్రం దాటమంటావా? ఓడలో ఇంకా శానా మంది ఉంటారు కదరా" అంది. ఏం చేస్తాను? కొండ కింద మంగలి ముందు కూర్చున్నాను. నీళ్లు చల్లి, ముందు ఆ అల మీదే కత్తి పెట్టాడు మహానుభావుడు. అది నా ఒళ్లో పడింది. జేబులో దువ్వెన గుచ్చుకుంటోంది. పక్కన అత్త కళ్లు మూసుకుని "మురుగా, మురుగా" అంటోంది. నేనూ కళ్లు మూసుకున్నాను కానీ సామి కోసం కాదు. గుండ్లకు గంధం రాయించుకుని మెట్లెక్కాం. "ఎంత తేలిగ్గా ఉండాదిరా!" అంది అత్త.

మర్నాడు పొద్దున మద్రాసు బండిలో మా ఎదురుగా పాండూరు రైతు ఒకాయన కూర్చున్నాడు. నా గుండు చూసి ఆయన నన్ను మామూలువాడనుకుంటాడేమోనని సంచిలోంచి పాస్‌పోర్టు తీసి చూపించాను. ఆయన ఎంతో భక్తిగా రెండు చేతులా అందుకుని ఫొటో చూశాడు.

"ఈయమ్మ ఎవురు నాయినా?"

"మా అత్త."

"మరి ఈడ కూసోనుండే ఆయమ్మ?"

"మా అత్తే."

"ఓహో, ఇద్దరత్తలా" అని తిరిగిచ్చేశాడు.

నేను ఫొటో చూశాను. అత్తను చూశాను. మళ్లీ ఫొటో చూశాను. కొప్పు తీసేస్తే ఆ ఫొటోలో ఉన్నావిడకూ ఈవిడకూ ఏ సంబంధమూ లేదు. ఫొటో తీయించింది నేను. ఎస్సెల్సీ చదివింది నేను. నా అల పోతోందన్న ఏడుపులో పడి, దీన్ని చూసే హార్బరు దొర ఒకడుంటాడని నాకు తట్టనే లేదు. సవరం కొని కడదామా అని తిరువళ్లూరు స్టేషనులో ఆలోచన వచ్చింది. సవరం కట్టడానికైనా కాస్త జుట్టుండాలి కదా! అత్తకు సంగతి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. కొంగు తల మీదికి లాక్కుని, "సామికిచ్చింది తప్పా?" అంది. మళ్లీ, "నా బిడ్డ ఆడ దోవ చూస్తా ఉంటాది కదరా" అంది. మద్రాసు దాకా ఇంకేమీ మాట్లాడలేదు. అత్త మాట్లాడకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

హార్బరులో షావుకారు కుటుంబం దాటిపోయింది. అత్త వంతు వచ్చింది. ఎర్రటి మొహం దొర పాస్‌పోర్టు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇది వేరే మనిషి అన్నాడు. అక్కడ నేను నోరు విప్పాను. ఏడాదిగా దాచుకున్న ఇంగ్లీషంతా ఎటు పోయిందో, "సార్, హెయిర్ గాడ్ టేక్ సార్" అన్నాను. నా గుండు కూడా చూపించాను, అది పెద్ద సాక్ష్యమైనట్టు. దొర వెనక నిలబడ్డవాళ్లను రమ్మని చెయ్యి ఊపాడు. అత్త కదల్లేదు. రెండు చేతులూ జోడించి "నా బిడ్డకు ఎవురూ లేరు సామీ" అంది తెలుగులోనే. నాకు ఏడుపొచ్చింది. అల కోసం కాదు, ఈసారి నిజంగానే.

దొర పక్కన ఒక ముసలి తమిళ గుమాస్తా ఉన్నాడు. ఆయన నిదానంగా పాస్‌పోర్టు అందుకుని గుర్తులున్న చోట వేలు పెట్టి చదివి, "అమ్మా, తలయె కాట్టుంగ" అన్నాడు. అత్త తల వంచి కొంగు తీసింది. నెత్తంతా ఎండిన గంధం. నేను నా ఉత్తరీయం వెంట తెచ్చుకున్న కూజా నీళ్లతో తడిపి తుడిచాను. నడినెత్తిన, కొడవలి మొనంత పొడుగున, తెల్లటి మచ్చ. కొప్పు ఉండి ఉంటే ఆ దొర తాత వచ్చినా అది కనబడేది కాదు. దొర వంగి చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ వంగి చూశాడు. టోపీ తీసి చెమట తుడుచుకుని నవ్వాడు. ఆయన తల మీదా ఒక్క వెంట్రుక లేదు (ఏ సామికి మొక్కుకున్నాడో). సంతకం పెట్టి ఓడ వైపు చెయ్యి చూపించాడు. అత్త రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "చూస్తివా, సామికి నీ కంటే ఇంగ్లీషు బాగొచ్చు" అని వెళ్లిపోయింది.

ఇంటికి పోయి నాయనకు జరిగిందంతా కథలుగా చెప్పాను. నాయన నవ్వుతూ వింటూ, మచ్చ మాట రాగానే నవ్వడం ఆపాడు. "ఆ మచ్చ ఎట్లొచ్చిందో అక్క నీకు చెప్పలేదా?" అన్నాడు. చిన్నప్పుడు పడిందట అన్నాను. "పడింది. ఏడేళ్ల పిల్ల, నెలల బిడ్డను చంకనేసుకుని బాయి మెట్లు దిగతా జారింది. బిడ్డను వదిలి చేతులు ఆనించుకోనుంటే దానికేం కాదు. వదల్లేదు. తల రాయికి కొట్టుకునింది. ఆ బిడ్డను నేనే" అన్నాడు. ఆ మచ్చ రాయించినందుకు నేను అత్తను తిట్టుకున్నాను. ఆ మచ్చ లేకపోతే తిట్టుకోవడానికి నేనే లేను.

వదినకు ఆడపిల్ల పుట్టి నిలిచింది. అత్త మూడు నెలల ముద్రకు ఒక్కరోజు మిగిల్చి తిరిగొచ్చింది. తల మీద జుట్టు అంగుళం పెరిగింది. హార్బరులో ఎవరూ అడక్కముందే తల వంచి, జుట్టు రెండు పాయలుగా విడదీసి చూపించి దర్జాగా దాటి వచ్చింది. ఊరు చూసినావా అత్తా అంటే, "యాడ్రా, పొద్దు మిగిలితే కదా" అంది.

నా కిరాపు మళ్లీ పెరిగింది కానీ ఆ అల మాత్రం తిరిగి రాలేదు. ముప్పై దాటాక మిగిలింది కూడా మెల్లగా సెలవు తీసుకుంది. ఇప్పుడు ఏ మొక్కూ లేకుండానే నా తల నున్నగా మెరుస్తోంది. ఆ దువ్వెన ఇంకా ఉంది, మనవరాళ్లు బొమ్మలకు దువ్వుతారు. అప్పుడప్పుడు అద్దం ముందు తల వంచి నడినెత్తి తడుముకుంటాను. ఎక్కడా ఒక్క గీత లేదు. ఇన్నేళ్లు బతికి, ఎవరినీ చంకనేసుకుని పడలేదు నేను. అర్జీలు మాత్రం బోలెడు రాశాను.