కొంగులక్క అసలు పేరు

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను హిందూపురంలో, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అన్నం తింటున్నాను. నా ఓటు ఇంకా ధర్మవరంలోనే ఉంది కాబట్టి నాకూ వచ్చింది. రికార్డు చేసిన ఆడగొంతు. మా వార్డు కౌన్సిలర్‌గా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో చెప్పమంది. మొదట మా ఊరి పట్టు షావుకారి పేరు చెప్పి, 'గారి కోడలు' అని చేర్చి, ఆ తర్వాత ఆమె పేరు చెప్పింది. ఆమె కావాలంటే ఒకటి. రెండోది ఒట్టి పేరు. ఎవరీమె అనుకున్నాను. ఎవరూ వద్దనుకుంటే మూడు నొక్కండి అనేసరికి తట్టింది, ఆ రెండో మనిషి మా చిన్నమ్మ అని. ఎడమచేత్తో రెండు నొక్కాను. నాకే అంతసేపు పట్టిందే, వీధివాళ్లకు తడుతుందా అనుకున్నాను.

చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. ధర్మవరంలో మగ్గం నేస్తుంది. చీర కొంగు ఆమె చేతిలో కుదిరినట్టు ఇంకెవరి చేతిలోనూ కుదరదని వీధంతా ఆమెను కొంగులక్క అంటారు. ఆధార్ కార్డులో ఉన్న పేరుతో బ్యాంకులో తప్ప ఎవరూ పిలవరు. వానొస్తే మా వీధి మగ్గం గుంటల్లోకి నీళ్లు దిగుతాయి. కాలువ కట్టించమని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది ఆమే. వార్డు ఆడవాళ్లకు రిజర్వు కాగానే, నువ్వే నిలబడక్కా అని వీధివాళ్లు పట్టుబట్టారు. టికెట్ వస్తే కాలువ వస్తుందని ఆమె ఆశ.

ఫ్యాక్టరీలో నా పని నాణ్యత పరీక్ష. కొలిచే పరికరం సరిగా లేనప్పుడు కొలత గురించి మాట్లాడటం దండగ. అందుకే ఆదివారం రైలెక్కి ధర్మవరం వెళ్లి, ఫోన్ వచ్చిందా, ఏం వినిపించింది అని ఇల్లిల్లూ అడిగాను. ఏం నొక్కారని నేను అడగదలచుకోలేదు. వాళ్లే చెప్పారు.

పక్కింటాయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే మాట్లాడాడు.

"వచ్చిందప్పా. షావుకారి కోడలా, ఇంకెవరో ఆమెనా అని అడిగె. కొంగులక్క పేరే ఎత్తల్యా. నాకు కోపమొచ్చి మూడు నొక్కితి."

"ఆ రెండో పేరు చిన్నమ్మదే."

మగ్గం ఆగింది. "ఆయమ్మ పేరు అదా? ఇన్నేండ్లు పక్కింట్లో ఉండి నాకు తెలీకపాయెనే."

"నా పేరన్నా తెలుసునా నీకు?" అంది ఆయన భార్య వంటింట్లోంచి.

పేర్లు పైకి పంపింది పార్టీ వార్డు కమిటీ. కమిటీ కూర్చునేది షావుకారి అంగట్లో. ఆధార్ కాపీ అడిగితే తనే ఇచ్చానని చిన్నమ్మ అంది. ఆ కోడలి దగ్గరా కాపీయే తీసుకున్నారట. కానీ కార్డులో మామ పేరుండదు. 'గారి కోడలు' అన్న మాట ఎవరు చేర్చారు?

పార్టీ పరిశీలకుడు పెనుకొండలో దిగి ఉన్నాడని తెలిసి నేనూ చిన్నమ్మా వెళ్లాం. ఒకరికి ఇంటి గుర్తు చెప్పి ఇంకొకరికి చెప్పలేదనీ, మళ్లీ ఫోన్లు చేయించమనీ అడిగాను.

"ఏమబ్బా, ఇంజనీరా?"

"డిప్లొమా సార్."

"ఆ ఫోన్లు పైనుంచి వస్తాయి. మా చేతిలో లేదు." చిన్నమ్మ వైపు తిరిగాడు. "అనుమానముంటే ఒక పని చేద్దామమ్మా. కళ్యాణమండపంలో మీ వార్డు వాళ్లను పిలుస్తా. కోడలి పక్క వాళ్లు ఈడ, నీ పక్క వాళ్లు ఆడ నిలబడనీ. అంతకంటే న్యాయమేముండాది?"

మా వీధిలో సగానికి పైగా మగ్గాలకు పట్టునూలు ఇచ్చి నేయించుకునేది ఆ షావుకారే. ముందు వరుస కుర్చీలో ఆయన కూర్చుంటాడు. ఎవరు ఎటు నిలబడ్డారో చూస్తాడు. ఎదుటి పక్క నిలబడ్డవాడి మగ్గానికి మళ్లీ పడుగు నూలు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

చీటీలు రాయించి పెట్టెలో వేయించమన్నాను.

"చీటీలెందుకబ్బా? మనమంతా ఒక ఇంటోళ్లం. దాచుకునేదేముంది?" అన్నాడు. మేము రాకముందే ఆ జవాబు సిద్ధం చేసుకున్నాడేమోనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

"నిలబెట్టేది వద్దు సార్" అంది చిన్నమ్మ.

"ఏమ్మా, నీకు జనం లేరా?"

"ఉండారు. వాళ్లను ఆయన ముందర నిలబెట్టను."

"అయితే సర్వేలో వచ్చిందే ఖాయం" అని ఆయన చేతిలోని ఫోన్ చూసుకున్నాడు.

వెనక్కి వచ్చే రైల్లో ఆమెతో గొడవపడ్డాను. కనీసం ప్రయత్నించాల్సింది అన్నాను.

"నువ్వు జీతగాడివబ్బా. నీకు పడుగు ఆపేటోడు లేడు" అని కిటికీ వైపు తిరిగింది.

టికెట్ కోడలికే వచ్చింది. పార్టీకి ఫిర్యాదు పంపితే, రికార్డింగు జతచేయమన్నారు. నా దగ్గర లేదు. 'గారి కోడలు' అన్న మాట చేర్చింది కమిటీయా, పైవాళ్లా, నాకు ఇప్పటికీ తెలియదు. పొరపాటని మాత్రం నమ్మను.

ఆ వార్త తెలిసిన సాయంత్రం పక్కింటాయన వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఆడ నిలబెట్టింటే నేను షావుకారి పక్కకే పోయుందును అక్కా."

"తెలుసులేప్పా. రా, కూచో."

ఆయన కూర్చోలేదు. "మరి కాలువ?"

"కోడలు ఓటడిగేకి వస్తాది కదా. నీ గుంట చూపించు."

"నాకు నోరు రాదు. నువ్వు పక్కనుంటే చూపిస్తా."

"ఉంటాలే" అంది చిన్నమ్మ.