వెనక నడిచిన మనిషి

మా పై అంతస్తు ప్రొఫెసర్ గారు పోయిన నెల కాలం చేశారు. పొద్దున స్నానానికి వెళ్లిన మనిషి బయటికి రాలేదు. గుండె ఆగిందన్నారు. కబురు మెట్లు దిగి వచ్చేసరికి మా ఆయన చెప్పులేసుకుని గేటు దగ్గర సార్ కోసమే నిలబడి ఉన్నాడు. రోజూ ఆ వేళకు ఇద్దరూ నడకకు వెళ్లేవారు.

ఊపిరితిత్తులు చెడినవాళ్లకు వ్యాయామం ఎంతవరకు పనికొస్తుందో పరిశోధించడం, పిల్లలకు ఆ చదువు చెప్పడం సార్ ఉద్యోగం. మనుషుల్ని నడిపించడానికి కూడా ఒక ప్రొఫెసరా అని మొదట్లో నవ్వుకునేదాన్ని.

మా ఆయన పెళ్లికి ముందు నుంచీ పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో పోత ఇనుము సామాన్లకు గ్రైండింగ్ పట్టేవాడు. ఒకసారి పై ఇంటికి నీళ్ల క్యాన్ మోసుకెళ్తూ మెట్ల మధ్యలో ఆగిపోయాడు. సార్ తలుపు తీసి క్యాన్ వైపు చూడలేదు, మా ఆయన మెడ వైపు చూశారు. కసాయి మేకను చూసినట్టు చూస్తాడేమిటీయన అనిపించింది నాకు. పేరైనా అడగకుండా, "ఏం పని అప్పా నీది? దుమ్ములోనా?" అన్నారు.

మర్నాడే వెంటబెట్టుకుని వెళ్లి పరీక్షలు చేయించారు. సాయంత్రం మా గడపలో నిలబడి ఏదీ దాచకుండా చెప్పారు.

"చెడింది మళ్లా బాగుపడదమ్మా. ఆ పని ఇడిసిపెట్టాల. కాళ్లకు మనం నేర్పిస్తే, ఉండే ఊపిరితోనే అవి సరిపెట్టుకుంటాయి."

మా ఆయన పని మానేశాడు. నేను బళేపేటలో గాజుల కొట్లో కుదిరాను.

నడకలో సార్ ఎప్పుడూ మా ఆయన పక్కన నడవలేదు, రెండడుగులు వెనకే. ఎందుకని అడిగాను. "పక్కనుంటే నాకు సాటిగా నడవాలని చూస్తాడమ్మా. ఎనక నడిస్తే ఆయప్ప నడక ఆయప్పది" అన్నారు. నిజమే, మగవాళ్లకు పందెం లేనిదే అడుగు పడదు.

మధ్యమధ్యలో సార్ ఆగి, చెప్పులో రాయి పడిందప్పా అని దులుపుకునేవారట. ఈమధ్య ఆ దారిలో రాళ్లెక్కువయ్యాయని మా ఆయన నవ్వేవాడు.

ఇంటికి రాగానే సార్‌ను గడపలోనే ఆపి, "ఎట్లుండాడు సార్?" అని అడిగేదాన్ని.

"కాళ్లు గట్టిపడుతుండాయమ్మా."

ఆ మాట విన్నాకే నాకు పొయ్యి దగ్గరికి పోబుద్ధయ్యేది.

దినాలయిన మర్నాడు మా ఆయన మళ్లీ చెప్పులేసుకున్నాడు. సార్ నేర్పింది మానకూడదన్నాడు. ఒంటరిగా పంపలేక నేనూ బయల్దేరాను. సార్ చెప్పింది గుర్తుంది కాబట్టి వెనకే నడిచాను. కాళ్లు చక్కగా పడుతున్నాయి. పైన మాత్రం ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. పల్చటి చొక్కా కింద పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటోంది. ఇదంతా రోజూ చూసి, నవ్వు మొహంతో మా గడపలోకి ఎలా వచ్చేవారో ఆ మహానుభావుడు! ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

మా ఆయన వెనక్కి తిరగకుండానే, "పక్కకు రావే, మాట్లాడుకుంటా పోదాం" అన్నాడు.

నేను వెళ్లలేదు. పక్కకు వెళితే నా మొహం చూస్తాడు.