కొస ముక్క పగిలిన ఉదయం

మా ఆయన లక్క బొమ్మలు చేస్తాడు. బొమ్మ చేయగా మిగిలిన కొస ముక్కను లక్క పూయకుండా కిటికీలో పెడతాడు. బొమ్మ మీద లక్క తళతళలాడుతుంటే లోపలి కర్ర సంగతి ఎవరికి తెలుస్తుంది? కొస ముక్క మాత్రం ఏదీ దాచుకోదు. కర్ర పచ్చిదైతే నాలుగు వారాల్లో పగులుతుంది. మా కిటికీలో ఏళ్ల తరబడి ఒక్కటీ పగల్లేదు. ఆ గొప్ప వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

నిజానికి కర్రలు ఏరింది మా అమ్మాయి. చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి, ఆరిందో లేదో చెప్పేసేది. మూడేళ్ల కిందట దానికి పెళ్లై రెండు వీధుల అవతలికి వెళ్లాక ఈయనే ఏరుకుంటున్నాడు, ఇన్నాళ్లూ అదృష్టం కొద్దీ గడిచింది. దాన్ని పిలుద్దామంటే, "నాకు తెలీదా?" అని ఇంతెత్తున లేస్తాడు.

ఆ ఉదయం పళ్లు తోముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లిన మనిషి అక్కడే నిలబడిపోయాడు. మనవరాలికి చేసిన గిలక్కాయ తాలూకు ముక్క నిలువునా విచ్చుకుంది. కొత్త కర్రల కట్టలోంచి చేసింది అదొక్కటే.

కర్ర పగిలితే లక్క పెచ్చులు లేస్తాయి. వాటి అంచు గాజు పెంకులా ఉంటుంది. పిల్లకు ఏడో నెల, ఏది దొరికితే అది నోట్లోకే. ఫోన్ చేస్తే అమ్మాయి ఎత్తలేదు.

ఆయన చొక్కా బొత్తాలు తప్పు పెట్టుకుని ముందు నడిచాడు. నేను కాలికో రకం చెప్పు వేసుకుని వెనక పరుగెత్తాను.

"గొంతులో అడ్డం పడితేనో?"

"నోరు ముయ్యవే!" అన్నాడు, ఇంకా పెద్ద అంగలు వేస్తూ.

సందు మలుపులోనే పిల్ల ఏడుపు వినిపించింది. ఇక నేను దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాను. తలుపు తోసుకుని వెళ్తే, పిల్ల చాప మీద బోర్లా పడి వెనక్కి తిరగలేక గోల పెడుతోంది. చేతిలో గిలక్కాయ ఉంది. రంగు వెలిసిన పాతది, దాని తల్లికి మా ఆయన చేసింది.

"కొత్తదేదే?" అన్నాడాయన, ఆయాసపడుతూ.

అమ్మాయి బీరువా పైనుంచి గుడ్డ మూట దించింది. గిలక్కాయ మధ్యలో పగులు, దాని పక్కన లేచిన పెచ్చు.

"ఇచ్చిన రోజే కొట్టి చూశా నాన్నా. పచ్చిగా ఉంది."

"మరి చెప్పలేదేం?" అని నేను మండిపడ్డాను.

"అంత మురిసిపోతూ ఇచ్చాడు. నాకు నోరు రాలేదమ్మా."

ఆయన ఆ పగులును బొటనవేలితో తడిమాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు.

"ఆ కట్టలో ఇంకా చాలా కర్ర ఉంది. ఎప్పుడొచ్చి చూస్తావమ్మా?"

ఈ మాట ఆయన నోట వినాలని మూడేళ్లు ఎదురుచూశాను. తీరా విన్నాక నాకు ఏడుపొచ్చింది.