గాజుముక్క పెట్టి చూసిన్రా?

మొన్న వాన వెలిసిన పొద్దున, కోకాపేటలోని మా అపార్టుమెంటు సెల్లారులో స్కూటరు తుడుచుకుంటున్నాను. అక్కడే గదిలో ఉండే వాచ్‌మన్ భార్య తన చెల్లెలి పెళ్లి సంబంధం గురించి ఫోనులో మాట్లాడుతూ, "పిలగాడు మంచోడంటే సరిపాయెనా? గాజుముక్క పెట్టి చూసిన్రా?" అంది. నా చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. ఆ మాట ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో.

ఆ మాట పుట్టుక గురించి మా అపార్టుమెంటులో నేను చెప్పని మనిషి లేడు. గోల్కొండ కోట బురుజు బీట వారితే, సుల్తానుగారు పరదేశం నుంచి స్ఫటికపు పలక తెప్పించి ఆ బీట మీద అతికించి, పక్కనే ఏనుగులను నడిపించి చూశారనీ, ఆ సంగతి నేనే ఒక తాళపత్రంలో చదివాననీ. మొదట్లో నా కథలో ఒక్కటే ఏనుగు. వినేవాళ్ల ముచ్చట చూసి మందను చేశాను.

అసలు సంగతి చిన్నది. కొండాపూర్ నిండా బండలూ సీతాఫలం పొదలూ ఉన్న రోజుల్లో ఒక ఆఫీసు భవనం కడుతుంటే నేను సూపర్‌వైజరుగా చేరాను. ఇంట్లో అలా చెప్పుకున్నాను గానీ, కూలీల హాజరు వేయడమే నా పని. అక్కడి పాలమూరు మేస్త్రీ, గోడలో బీట కనబడితే దానికి అడ్డంగా గాజుముక్క పెట్టి, రెండు చివరలా సిమెంటుతో అతికించేవాడు. గోడ నిలకడగా ఉంటే గాజుకేమీ కాదు, బీట ఇంకా విచ్చుకుంటుంటే మాత్రం సాగలేక విరుగుతుంది. విరిగిందంటే ఆయన ఎవరినీ ఆ గోడ కిందికి పోనిచ్చేవాడు కాదు, కంట్రాక్టరు వచ్చి ఎంత అరిచినా తాపీ కింద పెట్టి బీడీ ముట్టించేవాడు. ఆడకూలీలు గాజుముక్క పెట్టి చూడటమనే ఆ మాటను ఇళ్లకు తీసుకుపోయి, పైకి బాగా కనిపించే అల్లుడి విషయంలోనూ, తియ్యగా మాట్లాడే చుట్టాల విషయంలోనూ వాడుకున్నారు.

వాచ్‌మన్ భార్య ఫోను పెట్టేశాక, ఆ మాట ఎక్కడిదని అడిగాను. "మా అమ్మ అంటుండె సార్, గా సైట్లల్లనే పనిచేసింది" అంది ఆవిడ. అప్పుడు చూశాను, ఆవిడ వెనక గది గోడకు ఏటవాలుగా ఒక బీట. ఆ గోడ అవతల పక్క స్థలంలో కొత్త టవరు కోసం పెద్ద గొయ్యి తవ్వుతున్నారు. "పోయిన వానకు దారమంత ఉండె సార్, ఇప్పుడు గోరు పడుతుంది" అంది. వాళ్ల పసిదాని చాప ఆ గోడ వారనే ఉంది.

పగిలిన ఫొటో ఫ్రేములోని గాజుముక్క తెచ్చి అతికించాను. ఆదివారానికి అది రెండైంది.

అసోసియేషన్ మీటింగులో గాజు విరిగిన సంగతి చెప్పగానే, గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా సెక్రటరీ, "ఏనుగులేమైనా వెళ్లాయేమోనండి బాబాయిగారూ" అన్నాడు. అందరూ నవ్వారు. అది పైపూత బీటేనట, పెయింటు వేయిస్తారట. అప్పుడు లేచి నిలబడి, ఏనుగులు లేవనీ, తాళపత్రం లేదనీ, నేను హాజరు వేసినవాడిననీ, మేస్త్రీ, గాజు మాత్రం నిజమనీ చెప్పాను. నవ్వు ఆగింది. కానీ సెక్రటరీ నిదానంగా, "అన్నీ కల్పించానని మీరే అంటుంటే, దీన్నెలా నమ్మమంటారండి?" అని అడిగాడు. ఒక్కరూ కిందికి వచ్చి చూడలేదు.

వాచ్‌మన్ కుటుంబాన్ని మా ఫ్లాటు హాల్లోకి వచ్చేయమన్నాను. గది ఖాళీ చేస్తే నౌకరీ పోతుందని వాచ్‌మన్ నసిగాడు. భార్య చాప చుట్టి చంకన పెట్టుకుని, "నౌకరీ ఇంకోటి చూసుకుందువు గాని, నడువు. మా అమ్మ ఊకె అన్లే గా మాట" అంది.

కింద బీట మీద పెయింటు వేశారు, ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. దాని మీద నేను మళ్లీ గాజు అతికించాను. ఈ ఉదయం అదీ విరిగి ఉంది. ఆ రోజుల్లో అంత చిన్న ముక్క విరిగితే అంత పెద్ద భవనం పని ఆగిపోయేది. ఇప్పుడు పెళ్లి సంబంధాలైనా ఆగుతున్నాయో లేదో. ఇది రాస్తుండగా అవతల గోతిలో మిషను మొదలైంది, బల్ల మీద గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. పసిది హాల్లో నిద్రపోతోంది. ఇందులో ఏనుగులు లేవు.