రాగి హండా, మూడు తొట్లు

మా బీదర్ నుంచి సముద్రం ఎంత దూరమో నాకు తెలియదు. అంత దూరం నుంచి దాన్ని తెచ్చి ఇంట్లో ఒక గదిలో పెట్టి, అందులోని ప్రాణులన్నిటినీ ఒకేసారి చంపిన ఘనుణ్ని మాత్రం నేనే. వాటితోపాటు మా ఆవిడ కుట్టుపని కూడా పోయింది. నవ్వండి, పర్లేదు. ఊరంతా నవ్వాక మీరొక్కరు ఆగడం దేనికి?

నేను బోరు మోటార్లు, పైపులు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. ఒకరోజు ఫోన్‌లో ఎవరో ఇంట్లో గాజుతొట్లలో పగడాలు పెంచుతున్న వీడియో చూశాను. పగడమంటే ఉంగరంలో రాయి కాదండీ, ఉప్పునీళ్లలో పువ్వులా విచ్చుకునే ప్రాణి. చిన్న ముక్క తెస్తే గుత్తి అవుతుందట. పైపులు తెలిసినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను.

ఇంట్లో చల్లటి గది ఒకటే. అందులో మా ఆవిడ సుజాత జాకెట్లు కుట్టేది. వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ అక్కడే. పగడాలు అమ్మిన హైదరాబాద్ అతను, నీళ్లకు లోహం తగిలితే అవి చచ్చిపోతాయని హెచ్చరించాడు. ఆ మాట నాకు వరమైంది. కత్తెర లోహం, సూది లోహం, మిషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నిటినీ మెట్ల కిందికి తోసేశాను.

"మెట్ల కింద కొలతలెట్ల తీస్కోవాలె? వచ్చేటోళ్లు పోయేటోళ్లు సూస్తరు గద" అంది సుజాత.

"కొన్ని దినాలే. ఇవి పెరిగినంక నీకు బజార్ల పెద్ద దుకాణమే పెట్టిస్త" అన్నాను.

మూడు తొట్లు పెట్టి, పైపులతో కలిపి, ఒకే మోటారుతో మూడింట్లోనూ ఒకే నీళ్లు తిరిగేలా చేశాను. ఒక తొట్టిలో సుఖంగా ఉంటే మూడింట్లోనూ సుఖమేనని నా సిద్ధాంతం. దానికి రెండోవైపు ఉంటుందని తట్టలేదు. పగడాలు నిజంగానే విచ్చుకున్నాయి. మోటారు కొనడానికొచ్చిన రైతులకు కూడా ఫోటోలు చూపించాను, పాపం. అవతల మెట్ల కింద కొలతలివ్వడానికి సిగ్గుపడి, ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కవీధి టైలరమ్మ దగ్గరికి పోతున్నారు. అది నాకు కనబడలేదు. నాకు గాజు లోపలివే కనబడేవి.

ఎండాకాలం వచ్చింది. తొట్లలో నీళ్లు ఆవిరైపోతుంటే రోజూ మంచినీళ్లు కలపాలి. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లా? నా పగడాలకా? అటక మీద సుజాత పుట్టింటివాళ్లిచ్చిన రాగి హండా ఉంది. ఇంట్లో గ్లాసు కూడా కడగని నేను దాన్ని చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను. అందులో ఫిల్టర్ నీళ్లు నిలవుంచి, రోజూ పొద్దున్నే తొట్లలో పోసేవాణ్ని.

సుజాత గుమ్మంలో నిలబడి చూసింది. చేతిలో కత్తెర ఉంది, లోపలికి రాకూడదు కదా.

"రాగి లోహం గాదా?" అంది.

"కాదు. లోహమంటే ఇనుము, స్టీలు. రాగి పవిత్రం. గుళ్లె తీర్థం దేంట్ల ఇస్తరు?"

కొద్ది రోజులకే పగడాలు ముడుచుకున్నాయి. నీరసపడ్డాయని జాలిపడి ఇంకో హండా నీళ్లు పోశాను. ఈసారి తెల్లబడ్డాయి. హైదరాబాద్ అతనికి ఫోన్ చేస్తే, ఏ నీళ్లు పోస్తున్నావని అడిగాడు. హండా సంగతి గర్వంగా చెప్పాను. అవతల ఫట్‌మని నుదురు కొట్టుకున్న చప్పుడైంది. సిగ్నల్ గోల అనుకున్నాను.

"రాగి వాటికి జహర్ అన్నా, విషం" అన్నాడు.

ఒక్క తొట్టి అయినా మిగులుతుందేమోనని గదిలోకి పరుగెత్తాను. ఎలా మిగులుతుంది? మూడింటినీ కలిపిన మేధావిని నేనే. కూలబడి ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. సుజాత ఓదారుస్తుందనుకున్నాను. ఆమె హండా తీసుకుని బోర్లించి, కొంగుతో తుడిచింది.

"నీ కుట్టుపని అర్ర నువ్వు తీస్కో సుజాతా."

"తీస్కొని ఎవలి జాకెట్లు కుట్టాలె?"

నేను లేచి తొట్లలో నీళ్లు తోడి పారబోయడం మొదలుపెట్టాను.

ఇప్పుడామె ఆ పక్కవీధి టైలరమ్మ దగ్గరే పనికి పోతోంది. ఒక తొట్టి తీసుకెళ్లి అందులో దారపు రీళ్లు పోసుకుంది. మొన్న టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లి బయట నిలబడ్డాను. లోపల ఎవరో అడుగుతున్నారు.

"ఈ తొట్టిల ఇంతకుముందు ఏముండె అక్కా?"

సుజాత దారం తెంపి చెప్పింది.

"మా ఆయన తెలివి. అది గూడ బతకలే."

కాబట్టి ఆ హండా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఉప్పునీళ్లను పప్పుచారులో తప్ప ముట్టను. సుజాత ఏదైనా "గాదా?" అని అడిగితే చచ్చినా "కాదు" అనను. ఆమె నన్ను ఏమీ అడగడం మానేసింది కాబట్టి, ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం చాలా తేలిక.