భుజాలు ఖాళీగా ఉన్న కోటు

వ్యాన్ దిగేసరికి ఉదయం ఆరు. అప్పటికే ఉక్కపోత. జార్జియా రాష్ట్రం దక్షిణపు కొస. ఎర్ర నేల, బారులు తీరిన పైన్ చెట్లు, సైనిక స్థావరం కంచె అవతల వేరుశెనగ చేలు. భుజాన కిట్‌బ్యాగు, రెండు జతల బూట్లు, నీళ్ళ సీసా. తుపాకీ ఇవ్వలేదు. దానికి బదులు ఒక డబ్బా రబ్బరు చేతి తొడుగులు, ఒక భూతద్దం ఇచ్చి సంతకం తీసుకున్నారు.

నేను అమెరికా ఆర్మీ రిజర్వులో సార్జెంటుగా పనిచేశాను. మామూలు రోజుల్లో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పిలుపు వస్తే యూనిఫాం. ఈ మాట చెప్పగానే మా చర్చిలో అంకుల్స్ కుర్చీలు ముందుకు జరుపుకుంటారు. “యుద్ధానికి వెళ్ళావా బాబూ?” అని అడుగుతారు. వెళ్ళలేదు. నన్ను పంపింది ఒక గోదాముకి. అది వినగానే కుర్చీలు వెనక్కి జరుగుతాయి. జరిగితే జరగనీయండి. నేను చూసిన యుద్ధం ఆ గోదాములోనే ఉంది.

కిటికీలు లేని పెద్ద షెడ్డు. బయట చెమటలు, లోపల చలి. బట్టలు పాడవకుండా లోపలి ఉష్ణోగ్రత ఎప్పుడూ ఒకేలా ఉంచుతారు. వెళ్ళిన మర్నాటి నుంచి నాకు జలుబు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు ఇంటికి తెచ్చుకున్న జర్మన్ యూనిఫాంలు అక్కడ పెట్టెల్లో ఉన్నాయి. వాళ్ళు పోయాక పిల్లలు తెచ్చి ఇచ్చినవి. ఆ ఏడాది చివర స్థావరంలో కొత్త ప్రదర్శన హాలు తెరుస్తున్నారు. అద్దాల పెట్టెల్లోకి వెళ్ళే ప్రతి కోటునీ పరీక్షించి, అది ఏ విభాగానిదో, ఏ హోదాదో తేల్చి, కార్డు రాయాలి. అదీ మాకిచ్చిన ఆర్డరు.

మేం ఇద్దరం, నేనూ ఒక డ్రైవరూ. మా పైన ఒక వారెంట్ ఆఫీసరు. ఆవిణ్ణి అందరూ చీఫ్ అనేవారు. యాభై దాటిన మనిషి, పనివేళల్లో కుర్చీ ముట్టదు. “కథ వినొద్దు. బట్ట చూడు,” అనేది. ఆవిడ మాటలు నేను తెలుగులో చెబుతున్నాను. మా డ్రైవరు మాత్రం నిజంగానే తెలుగువాడు. పదేళ్ళప్పుడు కరీంనగర్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చి అక్కడే పెరిగాడు. పెట్టెల వరసకి ఈ చివర నేను, ఆ చివర అతను, మధ్యలో వాకీటాకీ.

“అన్నా, ఇక్కడ ఇంకొక కెప్టెన్ దొరికిండు. ఓవర్.”

“కెప్టెన్ కాదురా, సరిగ్గా చూడు. ఓవర్.”

ఏ దేశపు సైనికుడి కన్నయినా ఎదుటివాడి బట్టల మీద ముందు హోదానే వెతుకుతుంది. సెల్యూట్ కొట్టాలా, కొట్టించుకోవాలా అన్నది మాకు ముఖ్యం. జర్మన్ కోట్ల దగ్గర ఆ అలవాటు కొంప ముంచుతుంది. ఆ సైన్యంలో ఆఫీసర్లలాగే కనిపించి ఆఫీసర్లు కానివాళ్ళు ఉండేవారు. సైనిక ఉద్యోగులు. జీతాలు పంచేవాళ్ళు, మందులు కలిపేవాళ్ళు. వాళ్ళ గుర్తు ముదురాకుపచ్చ రంగు, దాని పక్కన గడ్డిపోచంత వెడల్పున ఇంకో రంగు. జీతాలవాడికి తెలుపు, మందులవాడికి లేతాకుపచ్చ. ఆ గడ్డిపోచ కనబడకపోతే గుమాస్తాని కెప్టెన్ చేసేస్తాం. మా డ్రైవరు మొదటి వారంలోనే నలుగురికి ప్రమోషన్లు ఇచ్చాడు.

మూడో వారంలో ఆ కోటు బల్ల మీదికి వచ్చింది. ఇచ్చినాయన అక్కడికి రెండు గంటల దూరంలో వేరుశెనగ రైతు, డెబ్బై దాటిన మనిషి. యుద్ధం ఆఖరి రోజుల్లో ఆయన తండ్రి జర్మనీలో ఒక శత్రు ఆఫీసరుని కాల్చి తెచ్చిన కోటు అది. పెట్టె మీద చీటీలో ‘జర్మన్ కెప్టెన్’ అనీ, కింద ఆ తండ్రి పేరూ ఉన్నాయి. కొత్త హాల్లో నడిమధ్య పెట్టె దానికే అనుకున్నాం. ప్రారంభానికి పిల్లల్నీ మనవల్నీ అందరినీ వెంటబెట్టుకొస్తానని పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. అందరి ముందూ తండ్రి పేరు చూసుకోవాలని ఆయన ఆశ.

“షోల్డర్ బోర్డ్స్ లేవన్నా. ఎవడో కట్ చేస్కొని పోయిండు,” అన్నాడు డ్రైవరు.

అది వింతేమీ కాదు. గెలిచినవాళ్ళు ముందు కోసుకునేవి హోదా చూపించే భుజపట్టీలే. చీఫ్ దీపం కిందికి వంచింది.

“కోస్తే దారం మిగలాలి. ఉందా?”

లేదు. సూది రంధ్రాలు లేవు, గుండీ ఆనవాలు లేదు. భుజపట్టీ కింద ఎండ తగలదు కాబట్టి అక్కడ బట్ట ముదురుగా ఉండాలి. ఈ కోటు భుజాలు మిగతా కోటులాగే వెలిసిపోయి ఉన్నాయి.

“ఎవరూ కోయలేదు. ఇక్కడ ఎప్పుడూ ఏమీ లేదు,” అంది చీఫ్.

“అయితే సిపాయా?” అన్నాను.

“సిపాయికి దర్జీ చేత కొలతలు తీయించి ఎవరు కుట్టిస్తారు?”

కాలరు పట్టీలు ఆఫీసర్లవే. వాటి అంచు దారం బూడిదలా ఉంది. డ్రైవరు తెలుపన్నాడు. నేను మట్టి రంగన్నాను. వెలిసిన దారాన్ని పైనుంచి చూసి రంగు చెప్పకూడదని చీఫ్ నియమం. ఆవిడ సన్నటి పుల్లతో పట్టీ అంచు ఎత్తి నన్ను చూడమంది. అడుగున, వెలుగు తగలని మడతలో, రెండు పోగులు మిగిలాయి. నాకు బాగా తెలిసిన రంగు. మా నాన్న తెనాలి దగ్గర పల్లెల్లో లూథరన్ పాస్టరు. ఈస్టరుకి ముందు శ్రమకాలం నలభై రోజులూ ఆయన మెడలో వేలాడింది ఆ రంగే. చర్చిలో బల్ల మీద మా అమ్మ ఇస్త్రీ చేసి పరిచిందీ ఆ రంగే.

“ఊదా,” అన్నాను.

చీఫ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. “సైనిక పాస్టరు. వాళ్ళూ ఉద్యోగుల లెక్కే. వాళ్ళకి భుజపట్టీలు ఉండవు.”

అప్పుడు ఎడమ చెయ్యి చూశాం. మోచేతి పైన బెత్తెడు వెడల్పున బట్ట ముదురుగా ఉంది. మూలల్లో సూది గుర్తులు. అక్కడ ఒక చేతిపట్టీ ఉండేది. తెల్లగుడ్డ, నడుమ ఊదా గీత, దాని మీద ఎర్ర శిలువ. దూరం నుంచి చూసి కాల్చకుండా ఉండటానికే అది కట్టుకుంటారు. పట్టీ లేదు. రొమ్ము మీద ఎడమ జేబు కింద తూటా రంధ్రం మాత్రం ఉంది.

“అంటే... ఆ పెద్దాయన డాడీ పాస్టర్‌ని షూట్ చేసిండా అన్నా?” అన్నాడు డ్రైవరు.

నేను చీఫ్ వైపు తిరిగాను. “హోదా తెలియదని రాసేద్దాం చీఫ్.”

“తెలిసిపోయింది కదా సార్జెంట్.”

నాకు ఒళ్ళు మండింది. చంపినవాడు పోయాడు, చచ్చినవాడు పోయాడు, ఇప్పుడీ పాపం తెచ్చి బతికున్న ముసలాయన మెడకి చుట్టాలా? ఇదంతా లోలోపలే అనుకున్నాను. ఆర్మీలో పైవాళ్ళ మీద కోపం అలాగే వస్తుంది. చీఫ్ ఆర్డరు ఇచ్చేసింది. ఫోన్‌లో చెప్పే మాట కాదు, రేపు మీరిద్దరూ వెళ్ళి చెప్పిరండి అంది. గౌరవంగా ఉంటుంది, డ్రెస్ యూనిఫాం వేసుకుంటామన్నాడు డ్రైవరు.

“వద్దు. ఆయన మనవరాలు మన సైన్యంలోనే ఉంది. చావు కబురు తెచ్చేవాళ్ళే అలా వస్తారు. డ్రెస్‌లో ఇద్దరు వచ్చి తలుపు తడితే ఆ ఇంట్లో ఏమనుకుంటారు?”

రోజూ వేసుకునే బట్టల్లోనే వెళ్ళాం. ఎనిమిదికి బయల్దేరి పదికి చేరాం. రేకుల కప్పు ఇల్లు, వెనక కొట్టం, చుట్టూ చేలు. పెద్దాయన మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు గిన్నెడు తెచ్చి పెట్టాడు. అవి తింటుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. అందువల్ల వచ్చిన పని చెప్పడం ఇంకా కష్టమైంది.

“చెప్పండి బాబూ. కెప్టెనా, మేజరా?” అన్నాడు నవ్వుతూ.

చెప్పాను. భుజాల గురించి, ఊదా పోగు గురించి, చేతి మీది ముదురు చార గురించి, అక్కడ ఎలాంటి పట్టీ ఉండేదో దాని గురించి. ఆయన చేతిలో కాయ ఒలవకుండా అలాగే ఉండిపోయింది.

“నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఒక్కసారి చెప్పాడు. వాడు ఆఫీసరు, పిస్టల్ తీయబోయాడు, నేను ముందు కాల్చాను అన్నాడు. ఆ పాస్టరు దగ్గర పిస్టల్ ఉంటుందా?”

“నియమం ప్రకారం ఉండదు సర్. ఆ రోజు ఉందో లేదో కోటు చెప్పదు.”

ఆయన లేచాడు. రమ్మనలేదు గాని మేం వెనకే వెళ్ళాం. కొట్టంలో పాత పికప్ ట్రక్కు, గాలి లేని టైర్లతో, దుమ్ములో ఉంది. తలుపు లాగి, వంగి, సీటు ముందున్న గ్లవ్ బాక్స్ అర తెరిచాడు. చమురు గుడ్డలో చుట్టిన చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పాను. తెల్లగుడ్డ పసుపు తిరిగింది. ఎర్ర శిలువ. నడుమ ఊదా గీత. ఎన్నో ఏళ్ళు చీకట్లో ఉండటం వల్ల ఆ ఊదా కొత్త బట్టంత నిండుగా ఉంది.

“నాన్న గాయపడి ఆసుపత్రిలో ఉన్నప్పటిదనుకున్నాను,” అన్నాడు పెద్దాయన. “ఆయన పోయాక కూడా ఇక్కడే ఉంచాను.”

ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడి మెల్లగా చెప్పాడు. “ప్రతి ఆదివారం మమ్మల్ని దీంట్లోనే చర్చికి తీసుకెళ్ళేవాడు. ఆయన లోపలికి రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. నా పెళ్ళికీ రాలేదు. పాటలు వినబడేంత దగ్గర్లో ఆపి, కిటికీ దించి, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చునేవాడు. మీ నాన్నకి జనం పడదు అనేది అమ్మ. మేం నమ్మాం.”

డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. నాకూ కళ్ళు నిండాయి. దాచుకోలేదు.

“కార్డు మీద నాన్నగారి పేరు తీసేయమంటే తీసేస్తాం సర్,” అన్నాను. అంతవరకు చెప్పమని చీఫే అంది.

“కార్డు మార్చండి. పేరు తీయొద్దు.” ఆయన ట్రక్కు తలుపు మూశాడు. “పేరు తీసేస్తే ఆ పాస్టరుని ఎవరూ చంపనట్టు ఉంటుంది.”

తిరుగు దారి పొడుగునా పొట్లం నా ఒళ్ళోనే ఉంది. స్థావరం గేటు దాటగానే వాకీటాకీ పలికింది.

“చెప్పారా? ఓవర్.”

“చెప్పాం చీఫ్. చేతిపట్టీ ఇచ్చాడు. ఓవర్.”

“మళ్ళీ చెప్పు.”

“చేతిపట్టీ. వాళ్ళ నాన్న దాచుకున్నాడు. ఓవర్.”

“తిన్నగా బల్ల దగ్గరికి తీసుకురండి. ఓవర్.”

చీఫ్ తొడుగులు వేసుకుని పట్టీని కోటు చేతి మీద పరిచింది. అంచుకి అంచు సరిపోయింది. సూది గుర్తుల మీద సూది గుర్తులు పడ్డాయి. ఆవిడ దీపం తగ్గించమంది. వెలుగు తగిలితే ఈ ఊదా కూడా పోతుందంది. ఆ పాస్టరు పేరు మాకు దొరకలేదు. కోటులో ఏ పేరూ లేదు. కార్డులో హోదా ఉండాల్సిన చోట ‘సైనిక పాస్టరు, పేరు తెలియదు’ అని రాశాం. కింద, ఆయన్ని కాల్చిన మనిషి పేరు రాశాం.

హాలు తెరిచే నాటికి నా గడువు ముగిసింది. కిట్‌బ్యాగు అప్పగించి, భూతద్దం అప్పగించి, ఫ్రిస్కో వచ్చేశాను. డ్రైవరు ఫోన్ చేశాడు. పెద్దాయన అందరినీ తీసుకొచ్చాడట. మునిమనవలకి కార్డు తనే చదివి వినిపించాడట.

“మొత్తం చదివిండన్నా. ఏం స్కిప్ చెయ్యలే.”

తర్వాత కొన్నాళ్ళకి నేను ఆర్మీ వదిలేశాను. ఇప్పుడు నాకున్న డ్యూటీ ఒకటే, ఆదివారం మా తెలుగు చర్చి తలుపు దగ్గర నిలబడటం. సొంత బిల్డింగు లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు మధ్యాహ్నం పూట హాలు అద్దెకిస్తారు. పాట మొదలవగానే నేను తలుపు బార్లా తెరిచి కింద చెక్కముక్క పెడతాను. టెక్సస్ ఎండ లోపలికి కొడుతుంది.

“ఏసీ అంతా వేస్ట్ అవుతోంది బాబూ, డోర్ క్లోజ్ చెయ్యి,” అంటారు కమిటీ అంకుల్ ప్రతి వారం.

“పాట అయ్యేదాకా ఉండనివ్వండి అంకుల్,” అంటాను.

బయట పార్కింగ్‌లో మనవాళ్ళ కార్లు వరసగా ఉంటాయి. పాత పికప్ ఏదీ ఉండదు. పెద్దాయన తండ్రిని నేను ఎన్నడూ చూడలేదు. అయినా ప్రతి ఆదివారం కనిపిస్తాడు. కిటికీ దించి ఉంటుంది. టోపీ మోకాళ్ళ మీద ఉంటుంది. కుడి చెయ్యి చాచి గ్లవ్ బాక్స్ మూత మీద ఆనించి, పాట వింటుంటాడు.