తూటాల గది

తెల్లదొరల కాలంలో మాది గిద్దలూరు దగ్గర పల్లె. నాకప్పుడు పదేళ్లు. నల్లమలకు వేటకొచ్చే దొరలు కాల్చేసిన తూటాల గొట్టాల్లో నాయన మళ్లీ తుపాకి మందు, గుండ్లు నింపి ఇచ్చేవాడు. ఆ వానాకాలం ఆ పనికి మూడు మూరల బల్ల చేయించి, ఇంట్లో కురవని ఒకే ఒక్క గదిలో వేశాడు. ఇక ఇంట్లో ఎక్కడా నిప్పు వెలిగించకూడదన్నాడు. వంట పశువుల కొట్టంలోకి మారింది.

ఆ వారమే అమ్మ ప్రసవించింది.

"ఏంది నాయనా, బిడ్డకు కుంపటి పెట్టాల. ఆ బల్ల తీసెయ్," అంది మంత్రసాని అవ్వ.

"తీస్తే మందు తడుస్తాది. నిప్పు పెడితే కొంప లేచిపోతాది. కొట్టంలో పండబెట్టండి."

"నీ తూటాలు పొడిగుండాల, నీ కొడుకు తడవాల్నా?"

నాయన గదికి తాళం వేశాడు.

కొట్టం కురిసి కుంపటి మాటిమాటికీ ఆరిపోయింది. నేను ఊదుతూనే ఉన్నాను. మూడోనాటి ఉదయానికి తమ్ముడి ఒళ్లంతా చల్లబడిపోయింది.

తూటాలన్నీ బాగా పేలాయని దొర మెచ్చుకున్నాడు. ఒక్కటీ తుస్సుమనలేదని నాయన చివరిదాకా చెప్పుకున్నాడు.

ఇంట్లో మందుగుండు ప్రమాదం కాదా అని మనవలు అడుగుతుంటారు. మా ఇంట్లో ఒక్క నిప్పురవ్వ కూడా పడలేదని చెబుతాను.